అర్థం బట్టీ పడితే మతం ఇడియమ్స్ రావు

పోటీ పరీక్షల గైడ్లలో, స్పోకెన్ ఇంగ్లిష్ మెటీరియల్‌లో మతం నుంచి పుట్టిన ఇడియమ్స్‌కి ఓ పేజీ ఉంటుంది. ఎడమ పక్క ఇడియమ్, కుడి పక్క ఒక్క ముక్క అర్థం. ఆ పేజీ పరీక్షలో ఓ మార్కు తెస్తే తేవచ్చు గానీ, మనుషులతో మాట్లాడటానికి పనికిరాదు. ఆ మాట ఎవరి దగ్గర అనొచ్చో, ఎంత ఘాటుగా తగులుతుందో అందులో ఉండదు. నేర్చుకోవాల్సింది ముందు అదే.

తెలుగులో ఈ లెక్క మనకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. శైవుల ఇంట శివైక్యం, వైష్ణవుల ఇంట పరమపదం, క్రైస్తవ కుటుంబంలో ప్రభువునందు నిద్రించారు. హరీమన్నాడు అని సంతాప సభలో ఎవరూ అనరు, పాత స్కూటర్ గురించైతే హాయిగా అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే. గివ్ అప్ ద గోస్ట్ అంటే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ప్రాణం విడవడం. అక్కడ గోస్ట్ దెయ్యం కాదు, ఆత్మ. ఇప్పుడు ఆ మాట ఎక్కువగా ఆగిపోయిన కారుకో ఫ్రిజ్‌కో వాడుతున్నారు. కొలీగ్ వాళ్ల నాన్నగారు పోయినప్పుడు అలా రాస్తే ఇక మాటల్లేవు. చనిపోయాడనడానికి వాడే మీట్ హిస్ మేకర్‌లో (సృష్టికర్తను కలవడం) కూడా తేలికతనం ఉంది. సంతాపంలో వద్దు.

మరి ఏం రాయాలి? పాస్డ్ అవే ఎక్కడైనా చెల్లుతుంది. ఎక్స్‌పైర్డ్ మన ఆఫీసుల్లో నడుస్తుంది గానీ, అమెరికా, బ్రిటన్ వాళ్లకి ఆ మాట వింటే పాస్‌పోర్టు, పాల ప్యాకెట్ గుర్తొస్తాయి. హీ ఈజ్ ఇన్ ఎ బెటర్ ప్లేస్ అన్నది స్వర్గాన్ని నమ్మేవాళ్ల మాట. నమ్మకం లేని మనిషికి అది ఓదార్పు కాకపోగా నొప్పి. ఆర్ఐపీ అనే మూడక్షరాలు లాటిన్ క్రైస్తవ ప్రార్థనకు పొట్టి రూపం. సమాధి రాయి మీద బాగుంటుంది, తండ్రిని పోగొట్టుకున్న మనిషికి నేరుగా పంపితే మొక్కుబడిగా కనిపిస్తుంది. ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్ అనండి, చాలు.

ఇక దేవుడి పేరుతో వచ్చే ఊతపదాలు. బైబిల్లోని పది ఆజ్ఞల్లో దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదని ఉంది. 1606లో ఇంగ్లండ్ పార్లమెంటు, నాటకాల్లో దేవుడి పేరు, క్రీస్తు పేరు వేళాకోళంగా వాడితే 10 పౌండ్ల జరిమానా పెట్టింది. ఇలాంటి భయభక్తుల వల్లే జనం పేర్లు కాస్త వంచి పలకడం అలవాటు చేసుకున్నారు. గాడ్‌కి గాష్, గాలీ. జీసస్‌కి జీ, జీజ్. హెల్‌కి హెక్, డ్యామ్‌కి డార్న్. గుడ్‌నెస్, గాష్ పిల్లల ముందైనా, బాస్ ముందైనా పర్వాలేదు. ఓ మై గాడ్ ఇప్పుడు మామూలే అయినా భక్తిపరులైన క్రైస్తవులు కొందరు ఇష్టపడరు. కోపంతోనో విసుగుతోనో జీసస్ క్రైస్ట్ అని అరవడం మాత్రం ఆఫీసులో అసలు వద్దు. సినిమాల్లో, సిరీస్‌లలో విని ఇవన్నీ ఒకే బరువనుకుని వాడేస్తుంటారు, చిక్కంతా అక్కడే.

అర్థం కూడా గైడ్లు సగమే చెబుతాయి. స్కేప్‌గోట్‌కి బలిపశువు అని రాసేస్తారు. బైబిల్లోని లేవీయకాండం 16వ అధ్యాయంలో మేకలు రెండు. ఒకటి బలవుతుంది. రెండోదాని మీద జనం పాపాలన్నీ మోపి ప్రాణాలతోనే ఎడారిలోకి తోలేస్తారు. 1530లో విలియం టిండేల్ చేసిన ఇంగ్లిష్ బైబిల్ అనువాదంలో ఆ రెండో మేకకే ఈ పేరు వచ్చింది. అందుకే ఆ మాటలో చావు కన్నా ఇతరుల నేరం మోయడమే ముఖ్యం. ప్రాడిగల్ సంగతి ఇంకో రకం. ప్రాడిగల్ సన్ అనే బైబిల్ ఉపమానాన్ని మన చర్చిల్లో తప్పిపోయిన కుమారుడు అంటారు కాబట్టి ప్రాడిగల్ అంటే తప్పిపోయినవాడు అనుకుంటారు. కాదు, ఆస్తి దుబారా చేసినవాడు. లూకా 15లో చిన్న కొడుకు చేసింది అదే.

రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్ చెడు ముంచుకొస్తున్నప్పుడే అనాలి. దానియేలు 5లో ఆ గోడ మీది రాత బబులోను రాజు బెల్షస్సరు రాజ్యం పోతుందని చెప్పింది. ప్రమోషన్ వస్తుందనడానికి వాడకండి. ఇక నాకు సంబంధం లేదని చెప్పే వాష్ మై హ్యాండ్స్ తర్వాత రావలసింది ఆఫ్ కాదు, ఒక్క ఎఫ్‌తో రాసే ఆవ్. ఏసుకు మరణశిక్ష వేసిన రోమన్ గవర్నర్ పిలాతు చేతులు కడుక్కున్న ఘట్టం నుంచి వచ్చిన ఈ ఇడియమ్‌ని రెండు ఎఫ్‌లతో రాసినవి రోజూ కనిపిస్తాయి. డెవిల్స్ అడ్వొకేట్‌ని దుర్మార్గుల లాయర్ అనుకోవద్దు. ఒకరిని సెయింట్‌గా ప్రకటించే ముందు అభ్యంతరాలు చెప్పడానికి క్యాథలిక్ చర్చి ఒకప్పుడు పెట్టుకున్న పదవి అది, 1587లో పోప్ సిక్స్‌టస్ V కాలంలో స్థిరపడింది. క్రియ ప్లే. లెట్ మీ ప్లే డెవిల్స్ అడ్వొకేట్ అంటే, ఇది నా అభిప్రాయం కాకపోవచ్చు, వాదన గట్టిదో కాదో చూద్దామని.

అమెరికాలో పనిచేసే మనవాళ్లకి ఇంకో రెండు. మేనేజర్ కమ్ టు జీసస్ మీటింగ్ అంటే మతం మార్చే పిలుపు కాదు, కూర్చోబెట్టి చేదు నిజం ముఖాన చెప్పే మీటింగ్. హెయిల్ మేరీ అసలు మేరీ మాతకు చేసే క్యాథలిక్ ప్రార్థన, ఇప్పుడు చివరి నిమిషంలో తెగించి వేసే ఎత్తు. 1975 డిసెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్‌లో డల్లాస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) రోజర్ స్టాబాక్ వేసిన పాస్‌తో అది దేశమంతా పాకింది.

మన దగ్గర్నుంచి వెళ్లినవీ ఉన్నాయి. జగ్గర్‌నాట్ పూరీ జగన్నాథుడి పేరే. భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలిస్తారని యూరప్ యాత్రికులు రాసిన కథల నుంచి, అడ్డొచ్చిన దాన్నల్లా నలిపేసే శక్తి అనే అర్థం వచ్చింది. బ్రిటన్‌లో పెద్ద లారీనీ అలాగే అంటారు. సేక్రెడ్ కౌ అంటే ఎవరూ విమర్శించడానికి వీల్లేని విషయం. ఈ రెండూ వింటే మనసు చివుక్కుమనడం సహజం, అయినా అన్నవాళ్లలో చాలామందికి మూలం తెలియదు. మనం మాత్రం మన పూజ గురించి ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు ఐడల్ వర్షిప్ అని అలవాటుగా అనేస్తాం. బైబిల్ చదివి పెరిగిన చెవికి ఐడల్ అంటే అబద్ధపు దేవుడు. వినాయక చవితి గురించి చెప్పేటప్పుడు డైటీ, మూర్తి, ఇమేజ్ ఆఫ్ గణేశా, ఏదైనా వాడండి.