బోరును అడగని యూసీ క్వాంటమ్‌ను అడగాల్సిందే

నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ దేశ విజ్ఞాన విధానాన్ని సరిదిద్దే బాధ్యత చాలా ఏళ్లుగా నా మీదే ఉంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్, అతి చిన్న కణాల తీరును వాడుకుని కొత్త రకం కంప్యూటర్ల వంటివి చేయించే జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003 కోట్ల 65 లక్షల రూపాయలు మంజూరు చేసింది. ఆ 65 లక్షలు చూసి, ఎవరో కూర్చుని లెక్క కట్టారని నాకు ధైర్యం వచ్చింది. లక్ష్యం చదివాక ఆ ధైర్యం పోయింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల కంప్యూటర్ చేస్తారట. క్యూబిట్ అంటే ఆ కంప్యూటర్‌లో లెక్క చేసే అతి చిన్న ముక్క. "50 గజాలకూ 1000 గజాలకూ మధ్య ఎంతో కొంత గోడ కడతా" అనే మేస్త్రీకి మనం అడ్వాన్సు ఇస్తామా?

అసలు తప్పు ఈ క్వాంటమ్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన హైజెన్‌బర్గ్‌ది. కణం ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తే దాని వేగం కచ్చితంగా తెలియదని 1927లో చెప్పేసి చేతులు దులుపుకున్నాడు. ఇదే మాట ఏ ఆఫీసులోనైనా స్టోర్ కీపర్ అంటే ఆ సాయంత్రానికే సస్పెన్షన్. ఈ సూత్రాన్ని జీవోతో రద్దు చేయాలి. పైగా ఆయన 1925లో మొదలుపెట్టిన క్వాంటమ్ లెక్కల ఆసరాతో ట్రాన్సిస్టర్ వచ్చింది 1947లో. మధ్యలో 22 ఏళ్లు! ప్రతి మార్చి 31కీ యూసీలో, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్‌లో, ఏం రాయాలి, "పని జరుగుచున్నది" అనా?

కొనుగోళ్లు ఇంకో గోల. కొన్ని రకాల క్యూబిట్లను సున్నాకు దాదాపు 273 డిగ్రీలు కిందికి చల్లబరచాలట. మే నెలలో 45 డిగ్రీలు చూసిన మనకు మైనస్ 20 చాలదా? టెండర్లో ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ డీలరు ఎల్‌వన్‌గా, అంటే అందరికన్నా తక్కువ ధరతో, వస్తే ఆయనకే ఇవ్వాలి, మైనస్ ఎంతైనా మైనసే. కానీ 2025 జూన్‌లో కేంద్రం, పరిశోధన సంస్థల అధిపతులు సర్కారు కొనుగోళ్ల వెబ్‌సైట్ అయిన జెమ్ పోర్టల్ బయట కూడా పరికరాలు కొనుక్కునేలా నిబంధన సడలించింది. ఇట్లయితే శాస్త్రవేత్తలు ఎదురుచూసే అలవాటే మర్చిపోతారేమోనని నాకు టెన్షన్.

పరిశోధన అంటే నల్లగొండ టెక్నిక్. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే ఈ పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు సర్కారు జీతాల మీదే కనిపెట్టారు. బకెట్ కనబడుతుంది, అడుగున పేరుకున్న మడ్డి కనబడుతుంది. క్యూబిట్ సంగతి అట్లా కాదు, కొలిచి చూస్తే దాని స్థితే మారిపోతుందట. మరి తనిఖీకి వచ్చిన ఆడిటర్ ఏం చూడాలి, ఎక్కడ సంతకం పెట్టాలి?

ఇదంతా మునుగోడు వైపు బత్తాయి తోట ఉన్న మా బామ్మర్దికి ఫోన్‌లో వివరించాను. ఐదు బోర్లు వేసినోడు, మూడింట్లో దుమ్మే లేచింది.

"వేసే ముందే ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతయో రాసిచ్చినవారా?" అని నిలదీశాను.

"అది తెలిస్తే బోరెందుకు బావా, బకెట్ పట్టుకపోతుంటి గద."

చదువుకున్నవాడు కాదు, వదిలేశాను. రేపు ఆరో బోరు వేస్తున్నాడు. కొబ్బరికాయ నన్నే తెమ్మన్నాడు.