మాయకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

తెలుగు తెర మీద ఇప్పుడు కల్పిత రాజ్యాల కాలం నడుస్తోంది. వందల కోట్ల ఖర్చు, రెండు మూడు భాగాలుగా సాగే కథ, ఏళ్ల తరబడి గ్రాఫిక్స్ పని, విడుదలైన రాత్రికే మొదలయ్యే చర్చ పాఠకులకు తెలిసినవే. ఆ చర్చలో కోట ఎంత భారీగా ఉంది, ఏ సన్నివేశంలో గ్రాఫిక్స్ తేలిపోయాయి అన్న మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. నాకు గ్రాఫిక్స్ మీద ఏ అభ్యంతరమూ లేదు. అద్భుతం జరిగినప్పుడు దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారో చూపలేని కథ, ఎంత ఖర్చుపెట్టి తీసినా, ఎన్ని వందల పేజీలు రాసినా నిలబడదని నా నిశ్చితాభిప్రాయం.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులో కుందూరు చోడ రాజుల నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్లున్న ఆ త్రికూటాలయంలో ఒక గర్భగుడిలో, లింగం వెనుక గోడ మీద, స్తంభం ఆకారంలో ఒక నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. పొద్దు తూర్పు నుంచి పడమరకు వాలిపోతుంది గానీ నీడ ఉన్నచోటే ఉంటుంది. మొదటిసారి వచ్చినవారు అది ఏ స్తంభం నీడో తేల్చుకోవాలని మండపంలోకి వెళ్లి ఒక్కొక్క స్తంభం పక్కన నిలబడి చూస్తారు. నేనూ అలాగే నిలబడి చూశాను. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. స్తంభాల మధ్య ఎడం, వెలుతురు పక్కల నుంచి తిరిగి లోపలికి చేరే దారి కలిసి దానిని అక్కడ నిలబెట్టాయి. కొలత తెలిసిన శిల్పి చేతిలోనే ఆ వింత సాధ్యమైంది, కారణం తెలిసిన తర్వాత కూడా ఆ గుమ్మం ముందు ఒళ్లు గగుర్పొడుస్తూనే ఉంది.

కథలోని మాయకూ అలాంటి కొలత, ఒక నియమం ఉండాలి. కల్పన అంటేనే స్వేచ్ఛ అనీ, దానికి నియమాలు బిగిస్తే వింతదనం చచ్చిపోతుందనీ, రోజంతా కష్టపడి థియేటర్‌కు వచ్చిన ప్రేక్షకుడు లెక్కలు అడగడనీ కొందరు వాదిస్తారు. ప్రేక్షకుడు నోరు తెరిచి అడగకపోవచ్చు. కానీ కథానాయకుడికి చావు లేదని మొదటి పావుగంటలోనే తేలిపోయిన సినిమాలో, చివరి యుద్ధం నడుస్తుండగా అతను జేబులోంచి ఫోన్ తీస్తాడు.

మన కథకులు ఈ సంగతిని ఎప్పుడో గ్రహించారు. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల ఫకీరుకు ఎదురు లేదు, మనిషిని రాయిగా మార్చగలడు. అయితే అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. ఆ ఒక్క ఏర్పాటుతో కథ మొత్తం నడుస్తుంది. ప్రాణాన్ని ఒంట్లో ఉంచుకోకపోవడం వల్ల ఫకీరుకు బలం వచ్చింది, దానిని తాను కాపాడుకోలేనంత దూరాన ఉంచుకోవడం వల్లే చావూ వచ్చింది. బేతాళ కథల్లో విక్రమార్కుడి ఇరకాటం ఇంతకంటే పదునైనది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. తెలివి ఉండడమే అతనికి భారంగా మారిన ఈ నియమం రెండే వాక్యాల్లో పడుతుంది, దీనికి ఏ గ్రాఫిక్స్ అవసరమూ లేదు.

1968లో అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలలోని మాంత్రికులు వానను రప్పించగలరు. అయితే ఒక ద్వీపంలో కురిపించిన వాన మరో ద్వీపానికి కరువు కావచ్చని వారికి గురువులు ముందే నేర్పుతారు. పాలమూరు, నల్లగొండ పాఠకులకు ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పేవారిని మనం చూస్తూనే ఉన్నాం. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని, నేను కథారచన గురించి మాట్లాడిన తరగతిలో, పాదం మోపిన చోటల్లా నీళ్లు పడే ఒక ఆడపిల్ల కథ రాసింది. మొదటి ప్రతిలో ఊరంతా పచ్చబడి, పండుగ చేసుకుని, రెండు పేజీల్లో కథ ముగిసింది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రమే నేను అడిగాను. వారం తర్వాత తెచ్చిన రెండో ప్రతిలో, ఆ పిల్ల ఒక చేనులో పాదం మోపిన రాత్రి పక్క చేను బావిలో నీళ్లు ఒక్కో మెట్టు దిగిపోతున్నాయి. ఎర్త్‌సీ పేరు కూడా ఆ అమ్మాయి వినలేదు. పక్కవాడు లోతుగా బోరు దింపితే తమ బోరు ఎండిపోవడాన్ని ఇంట్లో చూసింది, అదే కథకు నియమమైంది.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు మొదలవుతుంది. మన తెర మీది మహారాజ్యాల్లో కోటలు ఆకాశాన్ని అంటుతాయి, వాటికి రాళ్లెత్తినవారు ఎక్కడా కనిపించరు. లక్షల సైన్యం కదులుతుంది, వారికి అన్నం వండినవారు ఎవరో, ఆ ధాన్యం ఏ ఊరి గరిసెల నుంచి వచ్చిందో కథకుడికి పట్టదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ రాతికట్టడం. అంతటి ఆనకట్టను ప్రధానంగా మనుషుల చేతులే లేపాయి. కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా కొంత డబ్బు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన పాలమూరు కూలీల మధ్య పెరిగినవారు ఒక కల్పిత కోటను చూసినా మొదట మోతకూలీ గురించే ఆలోచిస్తారు. కల్పిత ప్రపంచాన్ని నమ్మించేది పటమూ కాదు, రాజవంశాల పట్టికా కాదు. ఆ ప్రపంచంలో పనికి పోయినవాడు సాయంత్రం ఇంటికి ఏం తెచ్చాడో రచయితకు తెలిసి ఉండడమే నమ్మిస్తుంది. అది తెలిసిన రచయిత రాజు కథ రాసినా ఆ రాజు భోజనంలో ఆ ఊరి రుచి తగులుతుంది.

నిర్మాతలు కోట సెట్టుకు పెట్టే డబ్బులో చిన్న వంతు రచయితల గదికి మళ్లించి, ఆ గదిలోకి బావులు ఎండిన ఊళ్ల పిల్లలను పిలిస్తే ఫలితం ఎలా ఉంటుందో ఊహించగలను. దేవరకొండ అమ్మాయి ఇప్పుడు మూడో ప్రతి రాస్తోంది. అందులో నీళ్లు దిగిపోయిన బావి గల రైతు మూట కట్టుకుని మేస్త్రీ వెంట లారీ ఎక్కాడు. అతను వెళ్లి రాళ్లు మోయబోయే కోట ఏ రాజుదో ఆమె ఇంకా తేల్చుకోలేదు.