నడుము కింద వెండి, నడుము పైన బంగారం: ఈ గీత ఎందుకు?

ఈమధ్య ఒక పెళ్లికి నల్లపూసలతో పాటు సన్నటి వెండి గొలుసు వేసుకుని వెళ్లాను. పలకరించిన వాళ్లలో ఇద్దరు ఒకే మాట అడిగారు. "బంగారం మీద వెండి వేసుకుంటారా ఎవరైనా?"

అడిగిన ఇద్దరి మెడలో బంగారు పుస్తెలున్నాయి. కాలివేళ్లకు వెండి మెట్టెలున్నాయి. రెండూ ఒకే పెళ్లిలో ఒంటి మీదికి వచ్చినవే. తెలుగింటి ఆడవాళ్లు పెళ్లినాటి నుంచి ఈ రెండు లోహాలనూ కలిపే వేసుకుంటున్నారు. కలపడం మనకెప్పుడూ తప్పు కాదు. మన పట్టింపంతా ఏది ఎక్కడ ఉండాలన్న దాని మీదే. బంగారం లక్ష్మీదేవి కాబట్టి కాళ్లకు పెట్టకూడదు. అందుకే పట్టీలు, కడియాలు, మెట్టెలు వెండివి. నడుము దగ్గర ఒక గీత గీసుకున్నాం.

'తెలుపూ పసుపూ కలవవు', అంటే వెండీ బంగారమూ కలిపి వేసుకోకూడదు అనే సలహా మాత్రం ఫ్యాషన్ పుస్తకాల నుంచి వచ్చింది. అక్కడా అది నిలవలేదు. పారిస్‌లో కార్టియే అనే నగల సంస్థ 1924లోనే తెలుపు, పసుపు, గులాబీ రంగుల వలయాలను పెనవేసి ఉంగరం చేసింది. స్టీలూ బంగారమూ కలిసిన గడియారాలను మన మగవాళ్లు ఏళ్లుగా పెట్టుకుంటున్నారు. వాళ్లను ఆపి అడిగినవాళ్లు లేరు.

నాకు బాధ కలిగించేది ఆ గీత వెండికి తెచ్చిన చిన్నచూపు. కాలికి పెట్టేది కాబట్టి తక్కువ, మెడలో వెండి కనిపిస్తే బంగారం కొనలేనివాళ్లు అనే లెక్క. లంబాడీ స్త్రీలు మెడకూ, చేతులకూ, జుట్టుకూ బరువైన వెండి నగలు పెట్టుకుంటారు. ఎంత అందమైన పనితనం అది! ఊళ్లో వాళ్లు దాన్ని చాలాకాలం వింతగా చూశారే తప్ప నగగా చూడలేదు. కరీంనగర్ వెండి తీగపని సంగతీ చూడండి. వెండిని వెంట్రుకంత సన్నగా లాగి, మెలితిప్పి, ఆకులూ పూలూ అల్లే ఆ పనికి, ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. కానీ మన ఇళ్లలో అది పళ్లెంగానో, పన్నీరు బుడ్డిగానో, సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపికగానో అద్దాల బీరువాలో కూర్చుంటుంది. చెవికి, మెడకు ఎక్కాల్సిన పని అది.

నిజానికి మనం బంగారం అనుకుని వేసుకునే దాంట్లోనే వెండి ఉంటుంది. 916 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం. మిగతా 84 పాళ్లు సాధారణంగా రాగి, వెండి. నాట్యం చేసేవాళ్లు పెట్టుకునే సంప్రదాయ టెంపుల్ నగలైతే వెండితో చేసి, కెంపులు పొదిగి, పైన బంగారు రేకు వేసినవే.

కలిపి వేసుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటే. రెండూ మెత్తటి లోహాలు. సన్నటి బంగారు గాజుల పక్కన వెండి కడియం వేస్తే రాసుకుని రెండూ అరుగుతాయి. చెరో చేతికి వేసుకుంటే సరి. గాలిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది, దానికి విభూతి చాలు. బంగారానికి మన కుంకుడు రసం ఎలాగూ ఉంది.

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు తాకింది. వెండి కూడా పెరిగింది, అయినా ఆ రెంటికీ ఇంకా చాలా దూరం ఉంది. ఆడపిల్ల పెళ్లి అనగానే హారం, జుంకాలు, వంకీ అన్నీ బంగారమే కావాలని అప్పు చేసే తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. పుస్తెలు బంగారువి ఉంచి, చెవులకు మంచి వెండి జుంకాలు పెట్టినా ఎవరూ జాలిగా చూడరన్న ధీమా ఉంటే ఆ అప్పులో కొంతైనా తగ్గుతుంది. వచ్చే నెల మా అక్క కూతురి పెళ్లి. దానికి నేను పెట్టబోయేది తీగపని వెండి జుంకాలే. కంచిపట్టు చీర మీదికి, పీటల మీదే పెట్టుకుంటానంది.