ముందు బస్తాకు, ఆ తర్వాతే బస్సుకు

2025 ఆగస్టు చివర్లో ఒకరోజు తెల్లవారుజామున మా మండలంలోని సొసైటీ గోదాము ముందు బండి ఆపాను. తలుపులు ఇంకా తెరవలేదు. గేటు దగ్గర నుంచి రోడ్డు దాకా చెప్పులు వరుసగా పెట్టి ఉన్నాయి. కొన్నిచోట్ల చెప్పులకు బదులు పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్సు, అది ఎగిరిపోకుండా పైన ఒక రాయి. మనుషులు పక్కనే అరుగు మీద కూర్చుని ఉన్నారు. రెండు బస్తాల యూరియా కోసం రాత్రి నుంచి ఇక్కడే ఉన్నానని ఒక పెద్దావిడ చెప్పింది. వరి పొట్టకు వచ్చే టైంలో ఎరువు పడకపోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హైడ్రోజన్ వాహనాల గురించి రాస్తూ ఎరువుల క్యూతో ఎందుకు మొదలుపెట్టానంటే, రెండు చోట్లా కావాల్సిన సరుకు ఒక్కటే. అమ్మోనియా లేనిదే నత్రజని ఎరువు లేదు. హైడ్రోజన్ లేనిదే అమ్మోనియా లేదు.

కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2022 మార్చిలో హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారులో పార్లమెంటుకు వచ్చిన దగ్గర నుంచి ఈ కథ అందరికీ తెలిసిందే. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ వచ్చింది. ఎండ, గాలి నుంచి వచ్చే కరెంటుతో నీటిని విడగొట్టి తీసేదే గ్రీన్ హైడ్రోజన్. అదే ఏడాది ఢిల్లీలో ఇండియన్ ఆయిల్, టాటా హైడ్రోజన్ బస్సులు రోడ్డెక్కాయి. తర్వాత లేహ్‌లో ఎన్టీపీసీ బస్సులు. 2025 మార్చిలో కేంద్రం 208 కోట్లతో 37 బస్సులు, లారీలకు, 9 ఫిల్లింగ్ స్టేషన్లకు పైలట్ ప్రాజెక్టులు మంజూరు చేసింది. ఆ రూట్లలో మన విశాఖపట్నం–బయ్యవరం జాతీయ రహదారి కూడా ఉంది.

ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేస్తున్నవే. కానీ హైడ్రోజన్‌ను మొదట తీసుకెళ్లాల్సిన చోటు రోడ్డు కాదు.

లెక్క చూడండి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. తీశాక ఊరుకోదు. గాలి కన్నా తేలిక కాబట్టి దాన్ని నొక్కి పట్టాలి. కారు టైరులో గాలి పీడనం 2 బార్‌కు కాస్త ఎక్కువ. హైడ్రోజన్ బస్సు ట్యాంకులో 350 బార్, మిరాయ్ కారులో 700 బార్. దానికి మళ్లీ కరెంటు. చివరికి ఫ్యూయల్ సెల్‌లో ఆ హైడ్రోజన్‌ను తిరిగి కరెంటుగా మార్చేటప్పుడు దాదాపు సగం వేడిగా పోతుంది. ఇంతా చేస్తే కిలోకి పెద్ద బస్సు సుమారు 12 కిలోమీటర్లు నడుస్తుంది. అదే కరెంటు నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే అంతే బస్సు 35, 40 కిలోమీటర్లు పోతుంది. కరెంటుతో కరెంటును తయారుచేయడానికి మధ్యలో ఇంత దూరం ఎందుకు తిరగాలి? తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి భక్తులను మోస్తూనే ఉన్నాయి. డబ్బున్న దేశాలు కూడా ఈ లెక్క దగ్గరే ఆగుతున్నాయి. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరం 51 హైడ్రోజన్ బస్సులు కొందామనుకుని, కిలోమీటరుకు ఎలక్ట్రిక్ బస్సు కంటే ఆరు రెట్లు ఖర్చవుతుందని తేలి 2022లో మానుకుంది. కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ కార్ల హైడ్రోజన్ బంకులను 2024లో మూసేసింది.

దూరం వెళ్లే భారీ లారీల సంగతేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బ్యాటరీ బరువు సరుకు చోటును తింటుంది, చార్జింగ్‌కు గంటలు పడుతుంది, పైగా బ్యాటరీల కోసం చైనా వైపు చూడాలి. అందుకే కొన్ని లారీలతో ప్రయోగం చేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రయోగం వేరు, వరుస క్రమం వేరు.

ఆ వరుసలో మొదటి పేరు ఎరువుది. అమ్మోనియాతో తయారయ్యే ఇంకో ఎరువు డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) 50 కిలోల బస్తాలో నత్రజని 18 శాతం, అంటే 9 కిలోలు. అంత నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి పట్టే హైడ్రోజన్ రెండు కిలోలకు కాస్త తక్కువ. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే హైడ్రోజన్ బస్సు తాగేది 16, 17 కిలోలు. ఎనిమిది బస్తాల డీఏపీకి సరిపోయేంత! ఒక్క మిరాయ్ కారు ట్యాంకు నింపితే దాదాపు మూడు బస్తాలు. బస్సుకు బ్యాటరీ అనే ఇంకో దారి ఉంది. డీఏపీకి హైడ్రోజన్ తప్ప దారి లేదు. ఇవాళ మన దేశం వాడే హైడ్రోజన్ చాలావరకు సహజవాయువు నుంచే వస్తోంది, ఆ వాయువులో సగం దాకా దిగుమతే. యుద్ధం ఎక్కడ జరిగినా మన సొసైటీ గోదాము ముందు చెప్పుల వరుస పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

యూరియా తయారీకి కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి, అదీ సహజవాయువు నుంచే వస్తుంది. కాబట్టి గ్రీన్ హైడ్రోజన్‌తో చేసే గ్రీన్ అమ్మోనియా మొదట ఇమిడేది డీఏపీలో, ఒకటికి మించి పోషకాలుండే కాంప్లెక్స్ ఎరువుల్లో. అక్కడ పని మొదలైంది కూడా. 2025లో కేంద్రం 13 ఎరువుల ప్లాంట్ల కోసం ఏటా 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియాకు వేలం వేస్తే, మొదటి వేలంలో ఒడిశాలోని పారాదీప్ ప్లాంటుకు కిలో 55.75 రూపాయలకు ఇస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. నా దృష్టిలో మొత్తం హైడ్రోజన్ మిషన్‌లో అతి పెద్ద వార్త ఇదే. కానీ బస్సుకు జెండా ఊపిన ఫొటో వచ్చినంత పెద్దగా ఈ వార్త ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు.

ఇక మన తీరం సంగతి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 1.85 లక్షల కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. దాని నుంచి తయారయ్యేవి ప్రధానంగా ఎగుమతి కోసమని ప్రభుత్వమే చెప్పింది. అక్కడికి దగ్గర్లోనే విశాఖలో, తీరం వెంట పోతే కాకినాడలో కాంప్లెక్స్ ఎరువుల ఫ్యాక్టరీలున్నాయి. వాటికి అమ్మోనియా విదేశాల నుంచి ఓడల్లో దిగుతోంది. మన ఎండ, మన గాలి, మన భూములు, మన నీళ్లతో తయారైన అమ్మోనియా ఒక ఓడలో బయటికి పోతుంటే, ఎదురుగా ఇంకో ఓడలో డాలర్లు పోసి కొన్న అమ్మోనియా లోపలికి రావాలా?

పూడిమడకలో మొదటి టన్ను బయటికి రాకముందే, అందులో ఎంత భాగం విశాఖ, కాకినాడ ఫ్యాక్టరీలకు ఇస్తారో, ఏ ధరకు ఇస్తారో కేంద్రం, రాష్ట్ర ప్రభుత్వం కాగితం మీద రాసి చూపించాలి. ఈ ప్రాజెక్టు కోసం భూమి, నీరు ఇస్తున్న రాష్ట్రానికి ఆ మాట అడిగే హక్కు ఉంది. బయ్యవరం రూటులో హైడ్రోజన్ బండి తిరుగుతుందా లేదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.