ముందు ఎడమ ఇండికేటర్ గారికి

నమస్కారం. ఇవాళ మెహదీపట్నంలో జరిగింది మీరూ చూశారు, మళ్లీ చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను.

తప్పు ముందు నాదే. అమెరికా బైకులకి ముందు ఇండికేటర్లు ఎప్పుడూ సన్నగా వెలుగుతూ, తిరిగేటప్పుడు మాత్రం గట్టిగా కొట్టుకోవడం వీడియోలో చూసి మోజు పడ్డాను. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఎలాగూ ఆరదు, ఇంకా ఈ దీపాలెందుకని ఇంట్లో అడిగారు. జవాబు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

పుత్లీబౌలీలో "అర్ధగంట పని అన్నా" అన్నాడు మెకానిక్. ఆ అర్ధగంటలో బిర్యానీ, రెండు చాయ్‌లు, వేరేవాళ్ల క్లచ్ వైరు అన్నీ అయిపోయి సాయంత్రం ఆరైంది. ముందు పార్కింగ్ వైరు తెచ్చి నేరుగా మీకు అంటించాడు. మీరు వెలిగారు. స్విచ్ ఎడమకి నొక్కినా అలాగే వెలుగుతున్నారు, టిక్కూ లేదు టక్కూ లేదు. అప్పటికే 12 వోల్టులు మీ నెత్తిన కూర్చుంటే మిమ్మల్ని టిక్కు టిక్కుమనిపించే రిలే మాత్రం కొత్తగా ఏమిస్తుంది, పాపం? వెలుగు తగ్గించాలని తేల్చి ఒక రెసిస్టర్ పెట్టాడు. ఒక్కటే! రెండు వైపులకీ కలిపి! కరెంటుని వెనక్కి రానివ్వని డయోడ్ వైపుకొకటి వేసినా సరిపోయేది. సన్న వెలుగుకొకటి, గట్టి వెలుగుకొకటి తీగ ఉండే 21/5 వాట్ల డబుల్ ఫిలమెంట్ బల్బు, దాని హోల్డరు పెట్టినా సరిపోయేది. "అవన్నీ ఎందుకన్నా" అన్నాడు.

ఎందుకో ఇవాళ తెలిసింది. రైతు బజార్ దాటాక ఎడమకి నొక్కాను. రెండు వైపులూ కలిసిన ఆ రెసిస్టర్ జాయింటులోంచి కరెంటు కుడికీ దూరింది. మీతో పాటు కుడివైపు ఆయన, వెనక మీ తమ్ముళ్లిద్దరూ, నలుగురూ ఒకేసారి కొట్టుకున్నారు, బండి ఆగిపోయినప్పుడు వేసే దీపాల్లా. ఎటు తిరిగేదీ నాకే అర్థం కాలేదు. వెనకొచ్చే కుర్రాడికి మాత్రం ఒక్కటే అర్థమైంది: పాపం, బండి ఆగిపోయింది. వచ్చి నా ఫుట్‌రెస్ట్ మీద కాలు ఆనించి తోయడం మొదలుపెట్టాడు. నా ఇంజన్ నడుస్తోంది! "భాయ్, నేను ఎడమకి" అంటే "టెన్షన్ వద్దన్నా, బంక్ ముందే ఉంది" అన్నాడు. నా మలుపు వెనక్కి పోయింది. ఆ తర్వాతి మలుపూ పోయింది. బ్రేక్ వేద్దామంటే వాడు నా మీద పడతాడని భయం. మంచి చేసేవాడిని తిట్టలేం కదా, అదీ నా ఖర్మ. బంక్ దగ్గర దింపి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

మలుపు తిరిగి రెండు కిలోమీటర్లైనా ఇండికేటర్ ఆపనివాళ్లు, ఎడమకి వేసి కుడికి దూరేవాళ్లు, కాలు బయటపెట్టి అదే ఇండికేటర్ అనుకునే ఆటోవాళ్లు... వాళ్లందరినీ ఇన్నాళ్లూ తిట్టాను. ఒట్టు, ఆ కాలే నయం. కాలు ఒక్క వైపే చూపిస్తుంది.

రేపు పొద్దున్నే ఆ రెసిస్టర్ వైర్లతో సహా పీకేస్తాను. మీ పాత టిక్కు టిక్కు మీకిచ్చేస్తాను. అందాకా తిరిగినప్పుడల్లా చెయ్యి చాపుతాను, మీరు కాస్త నోరు మూసుకోండి.

ఇట్లు,
మొహమాటానికి ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకున్న
మీ ఓనరు