సవరణ: పాత రంగున్న చెక్క డెక్ రుద్దే ముందు

మిర్యాలగూడ దగ్గరి ఫామ్‌హౌస్‌లో పేళ్లు లేచిన చెక్క డెక్ గురించి మొన్న రాసినదాంట్లో "60 నంబర్ గరుకు కాగితంతో రుద్ది అవిసె నూనె పట్టించండి" అని ఉంది. అది ఎన్నడూ రంగు వేయని చెక్కకే వర్తిస్తుంది.

ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటొద్దన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరులో అమల్లోకొచ్చింది. అంతకుముందటి రంగైతే పొడిగా మిషన్ పెట్టొద్దు, ఆ దుమ్ము పిల్లలకు విషం. తడిపి, చేత్తో రుద్దాలి. గుడ్డ మాస్క్ చాలదు, సన్నటి దుమ్మునూ ఆపే పీ100 ఫిల్టరుది కావాలి. రాలిన పెచ్చులు సంచిలో మూట కట్టండి. తల లేచిన మొలలను ముందే చెక్కలోకి దించండి, లేకుంటే కాగితం చిరుగుతుంది. 80 నంబర్ దగ్గర ఆపేయండి. మరీ నునుపైతే నూనె ఇంకదు, వానకు కాలు జారుతుంది.

అసలు భయం నూనె గుడ్డలతోనే. అవిసె నూనె ఆరుతుంటే వేడి పుడుతుంది. ఉండచుట్టి మూలకు పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు, నల్లగొండ ఎండల్లో అయితే ఇక చెప్పేదేముంది! ఒక్కో గుడ్డనూ విప్పి బయట పరచండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి. "గుడ్డలు మళ్లీ వాడుకోవడానికి దాచండి" అన్న వాక్యం తీసేశాను.