కృష్ణ నీళ్లు మోరీలోకి, బోరు నీళ్లు క్యానులోకి

మొన్న ఆదివారం నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర మా మేనత్త ఊరికి వెళ్లాను. పొద్దున ఆరింటికి మిషన్ భగీరథ నీళ్లు, అంటే ఇంటింటికీ వచ్చే సర్కారు నల్లా నీళ్లు, వదిలారు. ఎదురింటి నల్లాకు తిప్పే పిడి లేదు. నీళ్లు గచ్చు మీద దూకి, కట్టేసిన బర్రె కాళ్ల సందుల్లోంచి మోరీలోకి పోతున్నాయి. అరగంట అలాగే. అంతలో క్యాన్ల ఆటో వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడే బయటికొచ్చి, 10 రూపాయలిచ్చి క్యాను దింపించుకుంది!

నాకు ఒళ్లు మండింది. మోరీలో కలుస్తున్నవి సాగర్ వెనుక జలాల నుంచి మోటార్లతో ఎత్తి, శుద్ధి చేసి, మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన పంపుతున్న కృష్ణ నీళ్లు. క్యానులో ఉన్నవేమో ఊళ్లోని ఆర్వో ప్లాంటులో వడగట్టిన ఆ ఊరి బోరు నీళ్లే. ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. అది దాటిన బోర్లకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పడింది మరి. జిల్లాకు దక్కిన కీర్తి అది!

ఆర్వో యంత్రం ఫ్లోరైడును మాయం చేయదు. కొన్ని నీళ్లు మనకిచ్చి, ఫ్లోరైడులో చాలా భాగాన్ని మిగతా నీళ్లలోకి నెట్టి బయటికి వదులుతుంది. ఆ చిక్కటి విషం ప్లాంటు వెనుక గుంతలో ఇంకి మళ్లీ నేలలోకే దిగుతోంది. బోరు అక్కడికి పది అడుగుల దూరంలో ఉంది.

భగీరథ నీళ్లు బ్లీచింగు వాసన వస్తాయి, ట్యాంకు ఎప్పుడు కడిగారో తెలియదు అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ కడిగించమని అడిగినవాళ్లెందరు? నేనూ తక్కువ తినలేదు. హైదరాబాదులో మా ఇంటి ఆర్వో వదిలిన నీళ్లు ఆరేళ్లు సింకులోకే పోయాయి. కింద బకెట్టు పెట్టింది ఈ మధ్యనే.

మా అత్త ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు బోరింగు నీళ్లే దిక్కు. ఇప్పుడు మోకాళ్లు వంగిపోయాయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నల్లా సంగతి అడిగితే ఎదురింటి పెద్దావిడ, “అది సర్కారు నల్లా కదా బిడ్డా, వాళ్లే వేస్తారు” అంది. అత్త మాట్లాడలేదు. గోడ పట్టుకుని మెల్లగా రోడ్డు దాటి, పాత చీర పీలిక నల్లా నోట్లో కుక్కి వచ్చింది.

సాయంత్రం నేను బస్సెక్కేసరికి ఆ పీలిక మోరీలో తేలుతోంది.